వేపాకు తీయనైందా, నాలుక మొద్దుబారిందా?

అమ్మాయి: నచ్చలేదన్నాక మళ్ళీ విను అనడం ఏమిటి బాబాయ్? సినిమా బాగోలేదంటే ఇంకో టికెట్ కొనమని ఎవరూ అనరు. కెండ్రిక్ లమార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ నచ్చలేదంటే మాత్రం లోపం నా చెవిలోనే ఉన్నట్టు జాలిగా చూస్తారు. నాకేం ర్యాప్ కొత్త కాదు. అతని ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ మొత్తం నోటికొచ్చు. 2012లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో కథ ఉంది, అతని ఊరు కాంప్టన్ వీధులున్నాయి, అమ్మానాన్నలు ఫోన్‌లో వదిలిన మెసేజ్‌లున్నాయి, అన్నిటి కిందా గట్టి బీట్ ఉంది. 2015 మార్చిలో వచ్చిన దీంట్లో ఆ బీట్‌ని పక్కన పెట్టి శాక్సోఫోన్‌కి పెత్తనం ఇచ్చారు. ఒక పాట పట్టుకునేలోపు గొంతు మారిపోతుంది, మధ్యలో ఎవరో అరుస్తారు, పాటయ్యాక పద్యం చదువుతాడు. దగ్గర దగ్గర 79 నిమిషాలు. కూర్చుని విన్నాను. చాలు.

బాబాయి: నీ గోలంతా అది ‘మ్యాడ్ సిటీ’ రెండో భాగం కాలేదనే. ముందే ఒక కొలత పట్టుకుని వెళ్ళావు, సరిపోలేదన్నావు. నాకా బాధ లేదు. నాకు తెలిసిన ర్యాప్ ‘ప్రేమికుడు’ క్యాసెట్‌లోని పేటర్యాప్ దగ్గరే ఆగిపోయింది. ఏమీ ఆశించకుండా విన్నాను, ఏమీ ఎక్కలేదు. రెండో పాట ‘ఫర్ ఫ్రీ?’లో పియానో ఒక పక్క పరుగులు తీస్తుంటే ఈయన ఊపిరి తిప్పుకోకుండా తిట్టుకుంటూ పోతాడు. పక్కింట్లో గొడవలా ఉంది. కట్టేశాను. కొన్నాళ్ళాగి మళ్ళీ పెడితే, ఆ తిట్లు డ్రమ్స్‌తో పందెం వేసుకున్నాయని తెలిసింది. అక్కడ దరువు ముందుకి దూకితే ఇక్కడ మాట దూకుతుంది, ఒక్కోచోట మాటే ముందు వెళ్ళి దరువుని లాక్కొస్తుంది. ఇదంతా మొదటిసారీ ఉన్నదే. నాకే వినపడలేదు.

అమ్మాయి: వినపడిందా, అలవాటు పడ్డావా? వేమన వేపాకు సంగతే తీసుకో. తింటూ పోతే తియ్యగా ఉంటుందన్నాడు. నిజంగా వేపాకు తీయనైందా, నాలుక మొద్దుబారిందా? 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జనానికి అర్థం లేని పదాలు, చైనా లిపిలాంటి గుర్తులు చూపించి పరీక్ష పెట్టాడు. ఎక్కువసార్లు కంటపడినవే మంచివని చెప్పారు వాళ్ళు. ఆ గుర్తుల్లో ఏ గొప్పా లేదు, పదే పదే కనపడటం తప్ప. మన సినిమావాళ్ళకి ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. రిలీజ్‌కి నెల ముందే పాటని టీవీలో, ఎఫ్ఎంలో, టీ కొట్టు దగ్గర అరగదీస్తారు. థియేటర్లో అది వచ్చేసరికి మనమే ఈల వేస్తాం. రెహమాన్ పాటలు స్లో పాయిజన్, వినగా వినగా ఎక్కుతాయి అంటారు కదా. ఎవరి పాటైనా అన్నిసార్లు వింటే ఎక్కుతుంది. అందుకే రెండోసారి నచ్చిందన్న మాటని నేను సాక్ష్యంగా తీసుకోను. మొదటిసారి విన్నప్పుడే నేను ఎవరి పక్షమూ కాను.

బాబాయి: నచ్చడం సాక్ష్యం కాదు, ఒప్పుకున్నాను. నాకే తెలియకుండా అలవాటు నన్ను మోసం చేసి ఉండొచ్చు. కానీ అలవాటు పడ్డవాణ్ణి ఏం నచ్చిందిరా అని అడిగితే, ఏమో బాగుంది అంటాడు. నేను వేలు పెట్టి చూపిస్తాను, నువ్వే తేల్చు. ఆరో పాట ‘యు’. కేకతో మొదలవుతుంది. సగం దాటాక ఒక హోటల్ గదిలో ఉంటాం. గది శుభ్రం చేసే ఆమె తలుపు తట్టి స్పానిష్‌లో పిలుస్తుంది. లోపల సీసా గాజు చప్పుడు. గుటక వేస్తూ, ఏడుస్తూ, ముద్దగా మాట్లాడుతున్నాడు. ఎవర్ని తిడుతున్నాడా అని చూస్తే తననే. చెల్లెలు చిన్న వయసులో గర్భవతి అయితే నువ్వెక్కడున్నావు, స్నేహితుడు ఆస్పత్రిలో పోతుంటే వెళ్ళకుండా వీడియో కాల్‌తో సరిపెట్టావే అని నిలదీసుకుంటున్నాడు. అప్పటికి అతను పెద్ద స్టార్. ఆ పాట అవ్వగానే ‘ఆల్‌రైట్’. ఫరెల్ విలియమ్స్ చేసిన ట్యూన్. అది విడిగా వింటే హుషారు పాటలా ఉంటుంది. ‘యు’ వెనకాల వింటే, ఏడ్చి మొహం కడుక్కొచ్చినవాడు తనకు తాను చెప్పుకుంటున్నట్టుంటుంది, నమ్మకం పూర్తిగా కుదరకుండానే. వరుస మార్చి విను, ఆ సంగతి పోతుంది. అలవాటే అయితే వరుస మారిస్తే ఎందుకు పోతుంది?

అమ్మాయి: ‘యు’ గొప్పదని నేనూ అంటాను. మొదటిసారికే ఒళ్ళు జలదరించింది. మళ్ళీ వినాలనిపించకపోవడానికి అదొక కారణం కూడా. కానీ ‘ఆల్‌రైట్’ నీకే ఎదురు తిరిగే సాక్షి బాబాయ్. 2015 జులైలో క్లీవ్‌లాండ్‌లో నల్లజాతి ఉద్యమకారుల సమావేశం జరిగింది. అది ముగిసే వేళ పోలీసులు ఒక పద్నాలుగేళ్ళ కుర్రాణ్ణి పట్టుకుంటే జనం అడ్డం పడ్డారు, వాళ్ళ మీద పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆ రోడ్డు మీద వాళ్ళు ఎత్తుకున్నది ఈ పల్లవే. వాళ్ళెవరూ ముందు ‘యు’ విని, వరుస చూసుకుని రాలేదు. గద్దర్ పాట ఎత్తుకుంటే రెండో చరణానికి సభంతా వంత పాడేది, అలా. పనిచేసే పాట మొదటిసారికే పనిచేస్తుంది. పనిచెయ్యనిదానికే పక్కన ఒక మనిషి నిలబడి వివరించాలి.

బాబాయి: బుర్రకథ చూశావా ఎప్పుడైనా? మధ్యలో కథకుడు. ఒక పక్క వంత హాస్యం, ఇంకో పక్క వంత రాజకీయం. యుద్ధం మంచి పట్టులో ఉండగా ఒకడు ఆపి జోకు వేస్తాడు, ఇంకొకడు ఆపి ఊళ్ళో ధరల సంగతి ఎత్తుతాడు. షేక్ నాజర్ పల్నాటి కథ చెబుతుంటే, ఇదేంటి కథ తెగిపోతోందని ఎవరూ లేచి వెళ్ళలేదు. నువ్వు ఇందాక గొంతు మారుతోంది, ఎవరో అరుస్తున్నారు, పద్యం వస్తోంది అని లెక్క చెప్పావే, అవన్నీ ఈ పద్ధతిలోవే. ఆ పద్యం ఊరికే రాదు. వచ్చినప్పుడల్లా ఇంకాస్త పొడుగవుతుంది. కొత్తగా కలిసిన ముక్క తర్వాతి పాటకి తలుపు తీస్తుంది. చివరి పాటలో మొత్తం పద్యం ఎవరికి చదువుతున్నాడో అప్పుడు గాని తెలీదు. చచ్చిపోయిన ర్యాపర్ టూపాక్‌కి. 1994లో స్వీడన్ రేడియో జర్నలిస్టు ఒకాయన చేసిన ఇంటర్వ్యూలోంచి టూపాక్ మాటలు తీసి, మధ్యలో తన ప్రశ్నలు పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చున్నట్టు మాట్లాడించాడు. ఇది తెలిశాక ఆ పద్యం మొదటి ముక్క నుంచీ వేరేలా వినపడుతుంది. రెండోసారి వింటేనే దక్కేలా కట్టిన కట్టడం అది.

అమ్మాయి: నాజర్ ఎవరికీ రెండోసారి రండి అప్పుడు అర్థమవుతుంది అని చెప్పలేదు బాబాయ్. ఎక్కా బుడ్డీ వెలుతురులో కూర్చున్న ముసలమ్మకి కూడా అప్పటికప్పుడే అందింది.

బాబాయి: ఆ ముసలమ్మకి బ్రహ్మనాయుడు ఎవరో, నాగమ్మ ఎవరో పుట్టినప్పటినుంచీ తెలుసు కనక. ఆమె మొదటిసారి విన్నది అనుకుంటున్నావు. ఆ కథ ఆమె నూరుసార్లు విని వచ్చింది. కాంప్టన్‌లో పుట్టినవాడు కూడా అంతే. మొదటి పాట పేరులో ఉన్న వెస్లీ అంటే పన్నుల కేసులో జైలుకెళ్ళిన సినిమా హీరో వెస్లీ స్నైప్స్ అని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందులో వినపడే జార్జ్ క్లింటన్ గొంతు వాడి ఇంట్లో నాన్న పెట్టిన రికార్డుల్లోది. కుంటా అంటే...

అమ్మాయి: కుంటా కింటే నాకూ తెలుసు. పారిపోతే పట్టుకొచ్చి పాదం నరికేస్తారు. అలెక్స్ హేలీ ‘రూట్స్’కి సహవాసి చేసిన తెలుగు, ‘ఏడు తరాలు’. ఇంటర్ సెలవుల్లో నువ్విచ్చిన పుస్తకమే.

బాబాయి: ‘కింగ్ కుంటా’ ఎలా ఉంది మరి?

అమ్మాయి: అది మొదటిసారే ఎక్కింది. ఆ బేస్ లైన్‌కి కాలు ఆగదు... సరే, పట్టుకున్నావు. కుంటా ముందే తెలిసి ఉండటం వల్ల కొంత ఎక్కిందేమో. అయినా ఎంత తెలుసుకుని రావాలి? వినడానికి ముందు చదవడం, విన్నాక జీనియస్ సైట్‌లో ప్రతి లైనుకీ టీక చూడటం. నువ్వు చేసింది వినడమా, పరీక్షకి ప్రిపేర్ అవ్వడమా? అసలు నాకు ఇంకో అనుమానం ఉంది, చెబితే కోపం తెచ్చుకోకు. ర్యాప్ అంటే మొహం తిప్పుకునే పెద్దమనుషులందరికీ ఈ ఒక్క ఆల్బమ్ ముద్దొచ్చింది. ఎందుకూ అంటే జాజ్ ఉంది. కమాసి వాషింగ్టన్ శాక్సోఫోన్ ఉంది, రాబర్ట్ గ్లాస్పర్ కీబోర్డు ఉంది. కోటు వేసుకుని వచ్చింది కనక లోపలికి రానిచ్చారు. ఒబామా 2015లో నచ్చిన పాట అడిగితే ఇందులోంచే ‘హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్’ చెప్పాడు. అట్ట మీద బొమ్మేమో వైట్ హౌస్ ముందు చొక్కాల్లేని కుర్రాళ్ళు నోట్ల కట్టలు పట్టుకుని నిలబడ్డది, కాళ్ళ దగ్గర జడ్జి పడి ఉంటాడు. ఆ ఇంట్లో ఉన్నాయనే మెచ్చుకున్నాడు. ఎవరికీ ఏమీ గుచ్చుకోలేదన్నమాట.

బాబాయి: కోటు అన్నావే, ఆ మాట తప్పు. ఆ కోటు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు, వాళ్ళ ఇంట్లో కుట్టిందే. నీకిష్టమైన వెస్ట్ కోస్ట్ ర్యాప్ ఎక్కడినుంచి వచ్చింది? 1992లో డాక్టర్ డ్రే ‘ది క్రానిక్’ చేశాడు. అందులో ఆ జీ-ఫంక్ మెత్తటి సింథ్, ఊగే బేస్, సగానికి సగం జార్జ్ క్లింటన్ పార్లమెంట్-ఫంకాడెలిక్ రికార్డుల సొత్తు. కెండ్రిక్ చేసిందేమిటి? శాంపిల్‌తో సరిపెట్టకుండా మనిషినే పిలిచి కూర్చోబెట్టాడు. థండర్‌క్యాట్ బేస్ వాయించాడు. టెరెస్ మార్టిన్, కమాసి, వీళ్ళంతా లాస్ ఏంజెలెస్ పిల్లలే, అదే వీధుల్లో పెరిగినవాళ్ళు. నువ్వు బీట్ తీసేశాడన్నావు. ఆ బీట్ ఏ నేలలోంచి మొలిచిందో అక్కడికి తవ్వుకుంటూ పోయాడు. ఇక పెద్దమనుషుల సంగతి. నిజమే, నాలాంటివాడికి శాక్సోఫోన్ వల్లే తలుపు తెరుచుకుంది. 2018లో కెండ్రిక్ మరో ఆల్బమ్ ‘డామ్’కి పులిట్జర్ వచ్చినప్పుడు, శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కీ బయట మొదటిసారి ఇచ్చారని పేపర్లో చదివి, చూశావా నేను చెప్పలేదూ అని మీ పిన్నితో అన్నాను. అందులో కొంత డాబు ఉంది. అయితే డాబుతో లోపలికి వెళ్ళినవాడికి లోపల కనపడింది అబద్ధమవుతుందా?

అమ్మాయి: లోపల కనపడినదాని గురించే ఇంకో మాట. నువ్వు రెండోసారి అంటే ఎప్పుడూ మెట్టు పైకే ఎక్కుతుందన్నట్టు చెబుతావు. నాకు ‘దీజ్ వాల్స్’ కిందికి దిగింది. వినసొంపుగా ఉంటుంది, గ్రామీ కూడా వచ్చింది. మాటలేమిటో తర్వాత చదివాను. స్నేహితుణ్ణి చంపినవాడు జైల్లో ఉన్నాడు. ఈయన వెళ్ళి వాడి బిడ్డ తల్లితో పడుకుంటాడు, పగ తీరడానికి. జైల్లో వాడికి వినపడాలని ఆ సంగతి పాటగా కట్టాడు. పాటలో వెనక ఆడగొంతు ఎంతో మధురంగా పలుకుతుంది, ఆ మనిషికి మాత్రం పేరు లేదు, తన వైపు మాట ఒక్కటి లేదు. ‘ఫర్ ఫ్రీ?’లో గయ్యాళిగా అరిచే ఆడది అమెరికా దేశానికి గుర్తు అంటారు. దెయ్యం కూడా లూసీ అనే ఆడపేరుతో వస్తుంది. దేశం ఆడది, ఆశ ఆడది, పగ తీర్చుకునే సాధనం ఆడది. చెవికి పెట్టి వదిలేసిన రోజునే ఈ ఆల్బమ్ మీద నాకు ఎక్కువ గౌరవం ఉండేది.

బాబాయి: ‘దీజ్ వాల్స్’ తర్వాత వచ్చేది ‘యు’నే. ఆ పని చేసినందుకే హోటల్ గదిలో కూలబడ్డాడు. నాకున్న పలుకుబడిని పాడుపనికి వాడాను అని ఆ పద్యంలో ఒప్పుకుంటూనే ఉన్నాడు కదమ్మా.

అమ్మాయి: ఒప్పుకున్నది తన పతనం గురించి. ఆమె ఏమైందో ‘యు’లో కూడా లేదు.

బాబాయి: లేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎన్నిసార్లు విన్నా ఆ వెలితి పూడదు. వినేకొద్దీ పెరుగుతుందేమో కూడా. అది కూడా మళ్ళీ వినడంలో తేలిందే అంటే నువ్వు మాటకి మాట అంటావు.

అమ్మాయి: అననులే. కానీ అసలు సంగతి ఇంకా రాలేదు. అదే 2015 జులైలో అట్లాంటా ర్యాపర్ ఫ్యూచర్ ‘డీఎస్2’ వచ్చింది. నేను కారులో పెడితే రెండో పాటకి ఆపెయ్ తల్లీ అన్నావు. దానికి రెండో చాన్స్ ఇమ్మని నిన్ను ఏ పేపరూ అడగలేదు, ఏ ఒబామా చెప్పలేదు. నువ్వూ ఇవ్వలేదు.

బాబాయి: అందులో ఏముందమ్మా? మత్తు, డబ్బు, ఆడవాళ్ళు. అదే గొణుగుడు, అదే మాట మళ్ళీ మళ్ళీ.

అమ్మాయి: ఆ ఆల్బమ్ మొదలయ్యేదే దగ్గుమందు సోడాలో కలుపుతున్న చప్పుడుతో. ‘యు’లోనూ సీసా చప్పుడే. ఇక్కడ వింటే పశ్చాత్తాపం అన్నావు, అక్కడ వింటే చెడు సావాసం అన్నావు. కెండ్రిక్ తాగి ఏడుస్తూ, ఇదిగో నేను పడిపోయాను అని నీకు అర్థమయ్యే మాటల్లో చెబుతాడు. ఫ్యూచర్ చెప్పడు. గొంతు ఆటోట్యూన్‌లో పడి ఈడ్చుకుంటూ వస్తుంది, కింద మెట్రో బూమిన్, సౌత్‌సైడ్‌ల బేస్ చీకటి గదిలా ఉంటుంది. గొప్పలు చెబుతున్నట్టే ఉంటుంది, ఆ గొప్పల్లో ఒక్కదానికీ సంతోషం ఉండదు. మత్తు వదలని మనిషి ఒకే మాట పదిసార్లు అనడా? నువ్వు బుర్రకథ అంతా తెచ్చి కెండ్రిక్‌కి అర్థం చెప్పావే, ఆ ఓపికలో పదో వంతు ఇటు రాలేదు. రెండో చాన్స్ అనేది సిఫార్సు ఉత్తరం ఉన్నవాళ్ళకే దొరుకుతుంది బాబాయ్. మిగతావాళ్ళకి మొదటి మూడు నిమిషాలే.

బాబాయి: సిఫార్సు లేకుండా నేను ఏది విన్నాను చెప్పు? బాలమురళి గొంతు కూడా మొదట మా నాన్న కూర్చోపెట్టి వినిపించినదే. అందరికీ రెండోసారి ఇవ్వాలంటే బతుకంతా వినడానికే చాలదు. ఎవరో ఒకరి మాట నమ్మాలి.

అమ్మాయి: ఎవరి మాట నమ్ముతున్నావో చూసుకో అంటున్నాను. పులిట్జర్ కమిటీ మాట నమ్మావు. నా మాట నమ్మలేదు.

బాబాయి: ...అది గట్టిగా తగిలింది. సరే, నువ్వు చెప్పు. నువ్వు ఆ ఆల్బమ్‌లో మూడు పాటలు వరుసగా విను. ‘దీజ్ వాల్స్’, ‘యు’, ‘ఆల్‌రైట్’. చాలు. నేను నీది వింటాను.

అమ్మాయి: మూడు కాదు, మొత్తమే వింటాను. 79 నిమిషాలు ఇంకోసారి. నచ్చుతుందని మాటివ్వను. నచ్చితే అలవాటని అనుమానిస్తాను, అది కూడా ముందే చెబుతున్నాను. నువ్వు మాత్రం ‘డీఎస్2’ మొదటి నుంచి చివరిదాకా.

బాబాయి: చివరిదాకానా!

అమ్మాయి: స్కిప్ చెయ్యకుండా. మధ్యలో ఫోన్ తీసి ఏ లైనుకేం అర్థమో వెతకడాలు లేవు. ఆ బుల్లి ఇయర్‌ఫోన్స్‌లో కూడా వద్దు. కారులో, రాత్రి, సౌండ్ పెంచి. బేస్ ఛాతీకి తగలకపోతే అది విన్నట్టు కాదు.

బాబాయి: రాత్రి కారులో పక్కన మీ పిన్ని ఉంటుంది.

అమ్మాయి: మంచిదే. ఆవిడకి నీ జాజూ తెలీదు, నా బీటూ తెలీదు. ముందు నీది పెట్టు, తర్వాత నాది పెట్టు. మొదటిసారికే ఏమంటుందో నాకు ఫోన్ చేసి చెప్పు, సర్దకుండా.